అప్పలసూరి శనివారాలు

అప్పలసూరికి సెలవు పెట్టడం చేతకాదు. కొందరికి ఈత రాదు, కొందరికి పాట రాదు, ఇతనికి సెలవు రాదు. టాటానగర్‌లో జుగ్సలాయి గోదాముల వెనక ఉన్న భీమశంకర్ గారి వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్ళుగా లేత్ మిషను మీద ఇనుము చెక్కుతున్నాడు. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో పెళ్ళికి రెండు రోజులు, తండ్రి పోయినప్పుడు మూడు రోజులు, పచ్చకామెర్లు వచ్చి ఆస్పత్రివాళ్ళు మంచం దిగనివ్వనప్పుడు తొమ్మిది రోజులు పనికి పోలేదు. పెళ్ళి అయిన మర్నాడు కూడా "నా మిషను ఎవడి చేతిలో పడ్డాదో" అని బెంగపెట్టుకున్నాడని అసిరమ్మ ఇప్పటికీ దొరికినవాళ్ళందరికీ చెబుతుంది. ఆ బెంగలో కొత్త పెళ్ళాం వంతు ఎంతని ఆమె అప్పుడు అడగలేదు, తరవాత అడిగి లాభం లేకపోయింది.

అతని తండ్రి టెక్కలి వైపు నుంచి వచ్చి టాటానగర్ స్టేషనులో ఖలాసీగా చేరిన మనిషి. కొడుకు కూడా రైల్వేలో దూరిపోయి, పెన్షను దాకా హాయిగా దొర్లిపోవాలని ఆయన కోరిక. కొడుకు రైల్వే పరీక్ష మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ రైల్వేవాళ్ళు ఇతని అవసరం లేకుండానే రైళ్ళు నడుపుకున్నారు. ఇక లాభం లేదని తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి భీమశంకర్ తండ్రి గారికి అప్పగించాడు. పెద్దాయన అప్పుడే ఇంజనీరు ఉద్యోగం వదిలి, నాలుగు మిషన్లు కొని, పెద్ద ఫ్యాక్టరీలకి బుష్షులూ పిన్నులూ చేసిచ్చే వర్క్‌షాపు పెట్టుకున్నాడు. మూడో నంబరు లేత్ అప్పలసూరికి దక్కింది. పెద్దాయన పోయాడు, కొడుకు భీమశంకర్ వచ్చాడు, నాలుగు మిషన్లు పద్నాలుగయ్యాయి, మూడో నంబరు మాత్రం అతని చేతిలోంచి జారలేదు.

అక్కడ పని నేర్పినవాడు ఫోర్‌మన్ సీతారామరావు. ఆయన దగ్గర పనికంటే ముందు నేర్చుకోవలసింది గేటు దగ్గర హాజరు కార్డు కొట్టడం. ఒకసారి కుర్ర అప్పలసూరి మర్చిపోయి కార్డు కొట్టకుండా లోపలికొస్తే, ఆయన చెవి పట్టుకుని గేటు బయటికి తీసుకెళ్ళి, మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టాడు. "కార్డు కొట్టి లోపలికొస్తే పనోడు, కొట్టకుండా వస్తే దొంగ" అన్నాడు. వీధి కుక్కలు కూడా వచ్చి చూసిపోయాయట. ఆ తరవాత అప్పలసూరి ఒక్కరోజు కూడా కార్డు కొట్టకుండా గడప దాటలేదు. మర్చిపోయిన గొడుగు కోసం ఆదివారం వెళ్ళినా సరే, లోపలికి పోతూ ఓసారి, బయటికొస్తూ ఓసారి కార్డు కొట్టి మరీ గొడుగు తెచ్చుకునేవాడు. పెద్దవాడవడంతో గేటు తాళంచెవి కూడా అతని దగ్గరే ఉండిపోయింది.

ఇలా కాలం సాఫీగా వెళుతుంటే ప్రభుత్వానికి ఉన్నట్టుండి కార్మికుల మీద ప్రేమ పుట్టింది. యాభైమందికి లోపు పనివాళ్ళున్న యజమానులు ఎవరైనా వారానికి ఆరు రోజుల పనిని అయిదు రోజులకి తగ్గిస్తే, జీతం కొయ్యకపోతే, మిగతా రోజుల్లో గంటలు పెంచకపోతే, రెండేళ్ళపాటు యజమాని కట్టవలసిన ప్రావిడెంట్ ఫండ్ వాటా ప్రభుత్వమే కడుతుందట. కరెంటు బిల్లులో కూడా కొంత తగ్గిస్తారట. భీమశంకర్ చదువుకున్నవాడు. తన వర్క్‌షాపులో శనివారం నాడు తయారయ్యేది ముఖ్యంగా టీయేనని ఎప్పుడో కనిపెట్టాడు. వెంటనే దరఖాస్తు పెట్టాడు. ఊళ్ళో మిగతా యజమానులు "కొరివితో తల గోక్కుంటున్నాడు" అన్నారు. దరఖాస్తు మంజూరయ్యాక అదే నోటితో ఫారం ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

ప్రభుత్వం ప్రేమిస్తుంది గానీ నమ్మదు. అందుకని షరతులు పెట్టింది. శనివారం మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వెయ్యాలి. గేటు పక్క గోడకి వేలిముద్ర యంత్రం బిగించాలి. అది బ్యాటరీ మీద నడుస్తుంది, ఎవరు ఎప్పుడు వేలు పెట్టారో తిన్నగా కార్మిక శాఖ ఆఫీసుకి చేరవేస్తుంది. సెలవు రోజున ఒక్క మనిషి పనిచేశాడని తేలినా సాయం ఆగిపోతుంది, ఇచ్చింది వెనక్కి కక్కాలి. భీమశంకర్ ఇవన్నీ ఇరవై రెండుమంది పనివాళ్ళనీ నిలబెట్టి చదివి వినిపించాడు. ఒక్కొక్కడి మొహం పెళ్ళివారి పందిరిలా వెలిగింది. చదువుతున్నంతసేపూ అప్పలసూరి ఒక్కడే ఏదో చావు కబురు వింటున్నట్టు నిలబడ్డాడు.

"మరి ఆ రోజు నానేటి సెయ్యాల బాబూ?" అన్నాడు.

"విశ్రాంతి తీసుకో సూరన్నా."

"అదెలగ తీసుకుంతారు?"

అందరూ నవ్వారు. అతను హాస్యానికి అనలేదు. నిజంగానే అడిగాడు.

మొదటి శనివారం గోల్‌మురిలో తన రెండు గదుల ఇంట్లో అప్పలసూరి పొద్దున్న ఆరింటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో కూర్చున్నాడు. ఏడున్నర దాకా బాగానే కూర్చున్నాడు. ఆ తరవాత కాళ్ళు ఊరుకోలేదు. తలుపు కిర్రుమంటోందని బందులకి నూనె పోశాడు. కిటికీలకి పోశాడు. అసిరమ్మ పోపుల డబ్బాలు ఎత్తువారీగా సర్దాడు. ఆమె పసుపనుకుని మెంతిపొడి వేసింది. పప్పుకి ఎన్ని విజిల్సు కావాలో పక్కన నిలబడి చెప్పాడు. చీపురు పట్టే పద్ధతిలో లోపముందని చూపించాడు. అసిరమ్మ పళ్ళు బిగించి భరించింది.

రెండో శనివారం మిక్సీ విప్పాడు. బాగానే ఉన్న మిక్సీ. విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాక ఒక స్క్రూ మిగిలింది. "ఇది అనవసరంగా పెట్టీసేరు, ఇది లేకపోయినా నడుస్తాది" అన్నాడు. కొబ్బరి వేసి స్విచ్ నొక్కగానే మూత ఎగిరి, పచ్చడి గోడకెక్కింది. అసిరమ్మ గోడ వంక చూసి, మొగుడి వంక చూసి, చేతులు జోడించింది.

"నీకు దండం పెడతాను. ఎటైనా ఎల్లు. ఊరు సూడు, సినిమా సూడు, నా వంటింటి జోలికి మాత్రం రాకు."

వెళ్ళాడు. స్కూటరు మీద బిష్టుపూర్ పోయి బజారంతా తిరిగాడు. కొనవలసినదేమీ లేదు. ఒక బ్యాంకు ముందు బెంచీ మీద కూర్చుంటే తుపాకీ పట్టుకున్న గార్డు వచ్చి "కిస్సే మిల్‌నా హై?" అని అడిగాడు. ఎవరిని కలవాలని. అప్పలసూరి ఆలోచించాడు. ఎవరినీ కలవక్కర్లేదు. తనను కలవవలసినవాళ్ళూ ఎవరూ లేరు. ఇంత ఊళ్ళో శనివారం పదకొండు గంటలకి అందరికీ ఎక్కడో ఒక చోటుంది, తనకి లేదు. ఆ మాట మనసులో పడ్డాక అతనికి అక్కడ కూర్చోబుద్ధి కాలేదు, ఇంటికి పోబుద్ధీ కాలేదు. గార్డుకేమో "కిసీసే నహీ" అని చెప్పి లేచిపోయాడు.

మూడో శనివారం పొద్దున్నే పాత వేళకే టిఫిన్ డబ్బా అడిగాడు.

"ఇయాల సెలవు కాదేటి?" అంది అసిరమ్మ.

"బాబు పిలిచేరు. అర్జెంటు ఆర్డరొచ్చిందట. ఆ కొలత నాను తప్ప ఇంకెవరూ తెగ్గొయ్యలేరట."

చెప్పేశాక అతనికే ఆశ్చర్యం వేసింది, అబద్ధం ఇంత నున్నగా వస్తుందని తెలీదు. అసిరమ్మ మొహం వెలిగింది. డబ్బాలో వంకాయ కూర ఒక గరిటె ఎక్కువ వేసింది. అతను వీధి మలుపు తిరిగే లోపే పక్కింటి సుధకి కబురు చేరిపోయింది.

వర్క్‌షాపు గేటు తాళం తీసి, వేలిముద్ర యంత్రం ముందు నిలబడ్డాడు. ఇక్కడ ఎవరైనా బుద్ధున్నవాడు వేలు పెట్టకుండా లోపలికి పోయేవాడు. అప్పలసూరికి ఆ ఆలోచనే రాలేదు. బొటనవేలు చొక్కాకి తుడుచుకుని మరీ పెట్టాడు. యంత్రం కుయ్యిమని, "ధన్యవాద్" అంది. లోపలికెళ్ళాడు.

లోపల చేసిందేమిటంటే ఏమీ లేదు. మెయిన్ స్విచ్‌కి తాళం. ఆ తాళంచెవి భీమశంకర్ దగ్గర. అప్పలసూరి మూడో నంబరు లేత్‌ని గుడ్డతో తుడిచాడు. నూనె పెట్టాడు. తొమ్మిదిన్నరకల్లా ఆ పని అయిపోయింది. పక్క మిషన్లు కూడా తుడిచాడు. పదిన్నరకి డబ్బా విప్పాడు. పన్నెండింటికి గోనెసంచుల మీద నడుం వాల్చాడు. రెండింటికి లేచి మళ్ళీ తుడిచాడు. కరెంటు లేని వర్క్‌షాపులో పిచ్చుకల చప్పుడు వినిపిస్తుందని ముప్పై ఒక్క ఏళ్ళకి అతనికి తెలిసింది. నాలుగున్నరకి బయల్దేరబోతూ చేతులు చూసుకున్నాడు. మరీ శుభ్రంగా ఉన్నాయి. డబ్బాలోంచి ఇంత గ్రీజు తీసి చేతులకీ, చొక్కా ముందు భాగానికీ పూసుకున్నాడు. వేలు తుడుచుకుని యంత్రం మీద పెట్టి, ఇంటికి పోయాడు. ఆ సాయంత్రం అసిరమ్మ ఆ చొక్కా మీద సబ్బు అరగదీస్తూ, "మడిసిని పీల్సీత్తన్నారు" అని సుధతో గర్వంగా విసుక్కుంది.

అలా ఒకటి కాదు, పదకొండు శనివారాలు. సిగ్గుగా ఉండేది, నిజమే. కానీ ఆ గోనెసంచుల మీద ఉన్నంతసేపూ అతనికి ప్రాణం కుదుటగా ఉండేది.

మిగతావాళ్ళ సంగతి వేరు. సోమవారం టీ దగ్గర శనివారం గురించే కబుర్లు. అందరికంటే ఎక్కువ మాట్లాడేవాడు సునీల్, అయిదో నంబరు మిషనువాడు. అతని భార్య ఉజ్వల బిష్టుపూర్లో బట్టల కొట్లో పనిచేస్తుంది, శనివారం ఆమెకి సెలవు ఉండదు. మూడేళ్ళ కూతురు వెన్నెలని ఇన్నాళ్ళూ ఎదురింట్లో వదిలేసేవారు. సునీల్ పొద్దున్న వెళ్ళేసరికి ఆ పిల్ల లేవదు, ఓవర్‌టైం చేసి వచ్చేసరికి పడుకుంటుంది.

"బాబాయ్, సచ్ బోల్‌తా హూఁ, నిజం. నా బిడ్డ నన్ను అంకుల్ అని పిలిచేది. ఎదురింటోళ్ళు నేర్పిన మాట, ఎవరొచ్చినా అంకులే. ఇప్పుడు నాన్న అంటంది. సాటర్‌డే పొద్దున్న మీదెక్కి కూకుని లేపుతాది" అన్నాడు ఒకరోజు. అని, కళ్ళు తుడుచుకోవడం కనిపించకుండా టీ గ్లాసు మొహానికడ్డం పెట్టుకున్నాడు. అప్పలసూరి అతని వీపు మీద ఒక్కటి చరిచి లేచిపోయాడు.

మన ప్రభుత్వ యంత్రాలు ఏ రోజు సంగతి ఆ రోజే ఆఫీసుకి చేరవేస్తాయి, ఆఫీసు మాత్రం మూడు నెలలకోసారి చదువుతుంది. చదివాక ఉత్తరం వచ్చింది. మీ యూనిట్లో మూడో నంబరు కార్మికుడు పదకొండు శనివారాలు ఎనిమిదేసి గంటలు హాజరైనట్టు నమోదైంది, మీకిస్తున్న సాయం ఎందుకు రద్దు చేయకూడదో గురువారం విచారణలో చెప్పండి, అని. భీమశంకర్‌కి పచ్చి వెలక్కాయ గొంతులో పడింది. అప్పలసూరిని గదిలోకి పిలిచాడు.

"సూరన్నా, శనివారాలు వచ్చావా?"

"వచ్చేను బాబూ."

"ఎందుకు?"

"మిషను తుప్పడతాదని."

"మెయిన్‌కి తాళం వేశాను కదా, ఏం చేశావు?"

"తుడిసేను."

"పదకొండు వారాలా?"

"శుభ్రంగా తుడిసేను బాబూ."

భీమశంకర్ తల పట్టుకున్నాడు. తిట్టాలని నోరు తెరిచాడు గానీ, చిన్నప్పుడు తనను భుజాల మీద ఎక్కించుకుని వర్క్‌షాపంతా తిప్పినవాణ్ణి ఏమని తిడతాడు? విషయం విడమరిచి చెప్పాడు. సాయం ఆగితే, తీసుకున్నది వెనక్కి కడితే, శనివారం సెలవు ఇచ్చే స్తోమత తనకి లేదు. మళ్ళీ ఆరు రోజులే. ఒక్కటే దారి ఉంది. అప్పలసూరిని ఎవరూ పిలవలేదని, తన ఇష్టంతోనే వచ్చాడని, పనేమీ చెయ్యలేదని విచారణలో రుజువు కావాలి. కార్మికుడి మాట, ఇంట్లోవాళ్ళ మాట రెండూ రాసుకుంటారు. "ఉన్నదున్నట్టు చెప్పండి, చాలు. అసిరమ్మక్కకి కారు పంపుతాను" అన్నాడు.

ఉన్నదున్నట్టు. శనివారాల గురించి అప్పలసూరి అసిరమ్మకి చెప్పిందేదీ అలాంటిది కాదు. విచారణకి రమ్మన్నారని ఇంట్లో చెప్పాడు గానీ ఎందుకో చెప్పలేదు. అసిరమ్మ ఎందుకని అడగనూ లేదు, సన్మానం లాంటిదేదో అనుకుంది. బుధవారం సాయంత్రం పట్టు చీర తీసి మడతలు సవరిస్తుంటే అతను రెండుసార్లు నోరు తెరిచాడు.

"నివ్వు మాటాడకు, నీకు సెప్పుకోవడం రాదు. ఆఫీసరమ్మకి నీ పనితనం నాను సెప్తాను" అంది. అతను నోరు మూసుకున్నాడు. మనిషి చేసే తప్పులన్నిటికీ శిక్షాస్మృతిలో చోటుండదు గానీ, ఆ సాయంత్రం అతను చేసింది మాత్రం నిఖార్సైన తప్పు.

గురువారం పదింటికి కార్మిక శాఖ నుంచి నందిత వచ్చింది. ముప్పై లోపు అమ్మాయి. తెలుగువాళ్ళ పిల్లే, తండ్రి ఇంజనీరు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. మిషన్ల మధ్య టేబులు వేశారు. పనివాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. సునీల్ ముందు వరసలో నిలబడి గోళ్ళు కొరుకుతున్నాడు. అసిరమ్మ పట్టు చీరలో, కొప్పులో కనకాంబరాలతో కుర్చీలో కూర్చుంది.

"బతాయియే ఆంటీ," అంది నందిత, "అంకుల్ శనివారం క్యోఁ ఆతే థే?"

అసిరమ్మ గొంతు సవరించుకుంది.

"ఎందుకేటమ్మా, పిలుత్తారు కాబట్టి వత్తారు. ఈ బాబే పిలుత్తారు. మా ఆయన లేకపోతే ఇక్కడ పిన్ను కూడా తెగదు. మిగతావోళ్ళంతా ఇంటికాడ తొంగుంటే మా ఆయనొక్కడే ఫ్యాక్టరీ అంతా మోసేడు. సొక్కా చూడాల మీరు, గ్రీజు, గ్రీజు! పదకొండు వారాలు ఉతికేను. నాకు తెలీదా?"

నందిత కలం గబగబా సాగింది. భీమశంకర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. సునీల్ అప్పలసూరి వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. బతిమాలుతున్నట్టు చూశాడు.

అప్పలసూరికి ఆ క్షణంలో రెండు దారులూ స్పష్టంగా కనిపించాయి. నోరు మూసుకుని నిలబడితే చాలు, పెళ్ళాం దృష్టిలో తను లేనిదే ఫ్యాక్టరీ నడవని మొనగాడు. సునీల్ కూతురు మళ్ళీ ఎదురింటికి. నోరు తెరిస్తే తను ఎవడికీ అక్కర్లేని మనిషని ఇరవై ఒక్కమంది ముందు, పట్టు చీర కట్టుకొచ్చిన పెళ్ళాం ముందు తనే చెప్పుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఇంత కష్టమైన పని అతనికి ఎవరూ ఇవ్వలేదు.

"రాయొద్దు తల్లీ. ఆగు," అన్నాడు.

నందిత తలెత్తింది.

"అది సెప్పిందంతా నాను దానికి సెప్పిన మాటే. అబద్ధం. బాబు పిలవలేదు. ఎవరూ పిలవలేదు. ఆర్డరూ లేదు, ఏటీ లేదు. నానే వచ్చేను. మిషను తుడిసేను, బువ్వ తిన్నాను, గోనెల మీద తొంగున్నాను, ఇంటికి పోయేను. అంతే."

"మరా గ్రీజు?" అంది అసిరమ్మ. గొంతు సన్నగా వచ్చింది.

అతను ఆమె వైపు చూడలేకపోయాడు. నేల చూస్తూ చెప్పాడు.

"నానే పూసుకున్నాను."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. సునీల్ వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆ నవ్వు అక్కడే చచ్చింది.

నందిత కలం పక్కన పెట్టింది. "మగర్ క్యోఁ, అంకుల్?" అంది. ఆఫీసరు గొంతుతో కాదు, ఉత్త ఆడపిల్ల గొంతుతో. ఎందుకు?

"ఎందుకంటే ఏటి సెప్తానమ్మా. ఇంటికాడ నా సెయ్యి పడితే ఏదో ఒకటి పాడవుతాది. బజార్లో కూకుంటే ఎవరికోసం వచ్చేవని అడుగుతారు. ఇక్కడైతే ఎవరూ అడగరు. ఇక్కడ నాకో నంబరున్నాది. వేలు పెట్టగానే ఆ డబ్బా ధన్యవాదాలంటాది. ఆ ఒక్క మాట కోసం వచ్చేననుకో. తప్పు నాది. నా మూలంగా ఈ కుర్రోళ్ళ సెలవు తియ్యకండి. ఆడి బిడ్డ ఇప్పుడిప్పుడే నాన్న అంటంది."

నందిత రాసిన కాగితం చింపేసి కొత్తది తీసుకుంది. మెయిన్ స్విచ్ తాళం చూసింది, మూడు నెలల కరెంటు మీటరు రీడింగులు చూసింది, శనివారాలు ఒక్క యూనిట్టు కూడా కాలలేదు. రాసింది చదివి వినిపించింది. శనివారాలు పరిశ్రమలో ఏ పనీ జరగలేదు, మూడో నంబరు కార్మికుడు ఎవరూ పిలవకుండా వచ్చి, ఊరికే కూర్చుని, వెళ్ళిపోయాడు, ఇకపై శనివారం ఆవరణలో అడుగుపెట్టనని హామీ ఇస్తున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసుకి ప్రభుత్వం వారు రాసిచ్చిన యోగ్యతాపత్రం అది. అప్పలసూరి సంతకం పెట్టాడు. గేటు తాళంచెవి జేబులోంచి తీసి భీమశంకర్ చేతిలో పెట్టాడు. సాయం కొనసాగుతుందని నందిత చెప్పగానే కుర్రాళ్ళు ఈలలు వేశారు. సునీల్ వచ్చి వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే "ఎల్లెల్లు, పని సూసుకో" అని కసిరాడు.

భీమశంకర్ కారులో దింపిస్తానన్నాడు. అసిరమ్మ వద్దంది. మొగుడి స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. భుజం మీద చెయ్యి కూడా వెయ్యలేదు, సీటు పట్టుకుని కూర్చుంది. తిడుతుందేమోనని అతను ఎదురు చూశాడు. ప్రతి మలుపు దగ్గరా ఇప్పుడు తిడుతుంది అనుకున్నాడు. తిట్టి ఉంటే ప్రాణం హాయిగా ఉండేది. ఎప్పుడూ పెద్దగా ఏ సంగతికీ ఏడవని మనిషికి కళ్ళు మండాయి, గాలికి అనుకున్నాడు, గాలికి కాదు.

ఇంటి ముందు సుధ కాచుకుని ఉంది. ఆమె పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్ళు. పట్టు చీర కట్టుకుని కారులో వెళ్ళిన మనిషి స్కూటరు మీద ఉత్త మొహంతో తిరిగొస్తే ఆ వీధిలో ఎవరు ఊరుకుంటారు?

"ఏటయ్యిందమ్మా అసిరమ్మా? ఆఫీసరు ఏటన్నాది? సూరిగారి మీద ఏదో కేసని సెప్పుకుంటన్నారు?"

అప్పలసూరి తల వంచుకున్నాడు. అసిరమ్మ నెమ్మదిగా స్కూటరు దిగింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. కొప్పులో పూలు సవరించుకుంది.

"కేసేటి? ఈయన పని సేత్తా ఉంటే మిగతా కుర్రోళ్ళ సెలవు పోతందని గవర్నమెంటు ఆఫీసరమ్మే స్వయంగా వచ్చి బతిమాలింది. శనివారం మీరు రావొద్దు అంకుల్, మీరొక్కరు వచ్చినా ఇరవైమంది పని అయిపోతాది అని సంతకం పెట్టించుకుని మరీ ఎల్లింది. ఇలాటి సంతకం ఈ ఊర్లో ఇంకెవరి సేతనైనా పెట్టించుకున్నారా, అడిగి రా."

అసిరమ్మ తలుపు తాళం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పలసూరి స్కూటరు స్టాండు వెయ్యబోయి ఆగిపోయాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అసిరమ్మ అబద్ధం ఆడగా అతను వినడం ఇదే మొదటిసారి. ఆమె ఎక్కడా తడబడలేదు.